ఫ్యాషన్ రూపకల్పనలో, ప్రకటనల్లో కంప్యూటర్ గ్రాఫిక్స్

కెమెరా ముందు బట్ట లేకుండా, చాలాసార్లు ఆ బట్టను ఇంకా ఎవరూ కుట్టకుండానే, దాని రూపాన్ని కంప్యూటర్‌లో పుట్టించే విద్యను ఫ్యాషన్ రంగంలో సీజీఐ అంటారు. సినిమాల పుణ్యమా అని మనకు ‘గ్రాఫిక్స్’గా పరిచయమైనదే ఇది. దుస్తుల లోకంలో దీనికి రెండు పనులున్నాయి. కుట్టబోయేది ఒంటి మీద ఎలా ఉంటుందో తయారుచేసేవాళ్లు ముందే చూసుకోవడం ఒకటి. అమ్మబోయేది ఎంత బాగుంటుందో కొనేవాళ్లకు చూపించడం రెండోది. మొదటి పనికి నిజమైన బట్ట కొలతలే ఆధారం. రెండో పనికి ఆ ఆధారం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఈ రంగం సాధించిన మేలుకూ, మోసుకొస్తున్న అపనమ్మకానికీ మూలం ఇక్కడే ఉంది.

బట్టను కొలిచినవాళ్లు

బట్ట ఎలా వంగుతుంది, ఎలా జారుతుంది అన్న ప్రశ్న కంప్యూటర్ల కంటే పాతది. మాంచెస్టర్‌లోని షర్లీ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఎఫ్. టి. పియర్స్ 1930లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. వ్యాపారులు బట్టను వేళ్ల మధ్య నలిపి చెప్పే మెత్తదనాన్నీ బిరుసునూ అంకెల్లోకి తేవచ్చని అందులో చూపారు. ఆయన పరీక్ష చాలా తేలికైనది. సన్నటి బట్ట ముక్కను బల్ల అంచు దాటించి మెల్లగా ముందుకు తోస్తారు. దాని కొస తన బరువుకే వంగి, బల్ల మట్టం నుంచి 41.5 డిగ్రీలు కిందికి దిగేసరికి ఎంత పొడవు బయటికి వచ్చిందో కొలుస్తారు. గంజి పెట్టిన నూలు బట్ట చాలా దూరం నిలబడుతుంది. పల్చటి పట్టు అంచు దాటగానే వాలిపోతుంది.

1960లలో జి. ఇ. క్యూసిక్ మరో అడుగు వేశారు. 18 సెంటీమీటర్ల వెడల్పున్న బిళ్ల మీద 30 సెంటీమీటర్ల గుండ్రటి బట్ట పరిస్తే అంచులు మడతలు పడి కిందికి జారతాయి. ఆ మడతల నీడను కాగితం మీద గీసి, నీడ మేరకు కత్తిరించి, కాగితాన్ని తూచేవారు. నీడ ఎంత చిన్నదైతే ఆ బట్ట అంతగా ఒంటికి ఒదుగుతుందన్నమాట. 1970లలో క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన సుయెయో కవాబాటా సాగడం, ఏటవాలుగా ఒరగడం, వంగడం, నొక్కుడుపడటం, ఉపరితలపు గరుకు అనే ఐదు గుణాలను అతి తక్కువ బలంతో కొలిచే పరికరాలు తయారుచేశారు. అనుభవజ్ఞులైన బట్టల పరీక్షకుల వేళ్లకు తెలిసేదాన్ని యంత్రంతో పట్టుకోవాలన్నది ఆయన తపన. ఆస్ట్రేలియాలోని ఉన్ని పరిశోధకులు కొంత కాలానికి ఇదే పనికి మరింత చవకైన పద్ధతి కనిపెట్టారు.

వీళ్లెవరూ బొమ్మలు గీయడం కోసం ఈ పని చేయలేదు. కానీ ఈ రోజు తెర మీద గౌను గాలికి ఊగుతోందంటే దాని అడుగున ఉన్నవి ఈ అంకెలే. దుస్తుల గ్రాఫిక్స్ చరిత్రను సినిమాలతో మొదలుపెట్టే అలవాటు ఉంది. నా దృష్టిలో అది ఈ ప్రయోగశాలల్లోనే మొదలైంది.

లెక్కల్లో నేసిన బట్ట

కంప్యూటర్‌లో బట్ట అంటే చిన్న చిన్న త్రిభుజాల వల. వల ముడుల దగ్గర బరువు ఉంటుంది, ముడుల మధ్య స్ప్రింగుల్లాంటి బలాలు ఉంటాయి. పడుగు వెంట, పేక వెంట లాగితే నేసిన బట్ట దాదాపు సాగదు. ఐమూలగా లాగితే చక్కగా సాగుతుంది. దర్జీలు క్రాస్ కటింగ్‌లో వాడుకునేది ఈ గుణాన్నే. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకపోతే తెర మీది బట్ట రబ్బరు ముక్కలా కనిపిస్తుంది.

1986లో జెర్రీ వైల్ వేలాడే బట్ట ఆకారాన్ని జ్యామితితో గీశారు. మరుసటి ఏడాదే డిమిత్రి టెర్జోపౌలస్, ఆయన సహచరులు భౌతికశాస్త్ర సూత్రాలతో సాగి వంగే వస్తువులను లెక్కకట్టారు. స్ప్రింగుల పద్ధతిలో బట్ట అతిగా సాగిపోయే లోపాన్ని ఫ్రాన్స్‌లో జేవియర్ ప్రోవో 1995లో సవరించారు. 1998లో డేవిడ్ బరాఫ్, ఆండ్రూ విట్కిన్ ప్రచురించిన పద్ధతితో లెక్క ఒక్కసారిగా వేగం అందుకుంది. బిగువైన బట్టను అంతకు ముందు సెకనులో అతి చిన్న భాగాలుగా విడగొట్టి లెక్కించాల్సి వచ్చేది. వీళ్లు పెద్ద పెద్ద అడుగులు వేసినా లెక్క చెదిరిపోని దారి చూపించారు. తనతో తానే చదరంగం ఆడుకునే ముసలాయన కోటు కోసం పిక్సార్ సంస్థ 1997 నాటి ‘జెరీస్ గేమ్’ లఘుచిత్రంలో బట్ట కదలికను లెక్కకట్టి చూపింది.

ఫ్యాషన్‌కు అన్నిటికంటే దగ్గరైన పని జెనీవాలో జరిగింది. నాడియా మాగ్నెనాట్ థాల్‌మన్ బృందం బట్టను శిల్పంలా చెక్కలేదు. దర్జీ లాగే చదునైన ముక్కలు కత్తిరించి, కృత్రిమ దేహం చుట్టూ నిలబెట్టి, కుట్ల దగ్గర కలిపే పద్ధతిని 1992లో ప్రచురించింది. నేటి ఫ్యాషన్ సాఫ్ట్‌వేర్లు నడుస్తున్నది ఈ దారిలోనే. ముక్కలు నిజమైనవి కాబట్టి తెర మీద బాగున్నదాన్ని అలాగే కత్తిరించి కుట్టొచ్చు.

శాంపిల్ గదిలో మార్పు

దుస్తుల కర్మాగారాల్లోకి కంప్యూటర్ ముందుగా వచ్చింది బొమ్మల కోసం కాదు, గుడ్డ వృథా కాకుండా కత్తిరించడం కోసం. అమెరికాలో గెర్బర్, 1973లో ఫ్రాన్స్‌లో మొదలైన లెక్ట్రా సంస్థలు కటింగ్ మాస్టర్ చేతిలోని అట్ట ప్యాటర్న్‌లను అంకెలుగా మార్చాయి. తానులో ముక్కలను ఎలా పేరిస్తే తక్కువ గుడ్డ పోతుందో లెక్కించాయి. ఆ చదును ముక్కలను మూడు కొలతల్లో దేహానికి తొడిగి చూపడం తర్వాతి మెట్టు. ఇజ్రాయెల్‌లో పుట్టిన బ్రౌజ్‌వేర్, ఆప్టిటెక్స్, దక్షిణ కొరియాలో 2009లో మొదలైన క్లో సంస్థల సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఈ పనికి బాగా వాడుకలో ఉన్నాయి.

ఈ మార్పు విలువ తెలియాలంటే పాత పద్ధతి ఎలా నడిచేదో తెలియాలి. డిజైనర్ ఒక దేశంలో ఉంటాడు, కుట్టేవాళ్లు బంగ్లాదేశ్‌లోనో వియత్నాంలోనో తిరుప్పూరులోనో ఉంటారు. కాగితాల మీద కొలతలు పంపితే అక్కడ శాంపిల్ కుట్టి కొరియర్లో తిప్పి పంపుతారు. మోడల్‌కు తొడిగితే చంక దగ్గర పడుతుంది, వీపున ముడత వస్తుంది. సవరణలు రాసి మళ్లీ పంపాలి. రెండు మూడు విడతల తర్వాత గానీ ఆమోదం రాదు. అంతా అయ్యాక ఆ డిజైన్ వద్దనుకుంటే శాంపిళ్లన్నీ చెత్తబుట్టకే. తెర మీద ఇదే పని పూట గడవకుండా అయిపోతుంది. బట్ట ఎక్కడ బిగుసుకుంటోందో ఎరుపు రంగులో, ఎక్కడ వదులుగా ఉందో నీలం రంగులో కనిపిస్తుంది. ప్యాటర్న్ గీతను కాస్త జరిపితే దేహం మీది చొక్కా వెంటనే మారుతుంది. టామీ హిల్‌ఫిగర్ సంస్థ 2022 వసంతకాలపు దుస్తుల నాటికి తన రూపకల్పన అంతా మూడు కొలతల్లోకి తెస్తానని 2019లో ప్రకటించింది. ఆ మరుసటి ఏడాది కోవిడ్ వచ్చి కొరియర్లు, విమానాలు నిలిచిపోయాయి. అంతవరకు తటపటాయించిన సంస్థలు కూడా అప్పుడు ఈ దారి పట్టక తప్పలేదు.

అయినా శాంపిల్ పూర్తిగా పోలేదు, పోకూడదు కూడా. ఉక్కపోతలో బట్ట చర్మానికి ఎలా అంటుకుంటుందో, మెడ దగ్గర కుట్టు గుచ్చుకుంటుందో లేదో ఏ తెరా చెప్పలేదు. లోపల లైనింగ్, నడుమ దూది, పైన తోలు ఉన్న కోటు లాంటివి వచ్చేసరికి పొరలు ఒకదానిలోంచి ఒకటి దూసుకొచ్చి లెక్క తడబడటం ఇప్పటికీ మామూలే.

చీర ముందు తడబడే లెక్క

కుట్టిన దుస్తుల కోసం పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్లకు చీర గట్టి పరీక్ష. చొక్కాకు ఏ ముక్క ఎక్కడ అతుకుతుందో కుట్లు చెబుతాయి. ఐదున్నర మీటర్ల చీరకు కుట్టే లేదు. కుచ్చిళ్లు వేళ్లతో పెట్టుకుని, లంగా బొందు దగ్గర దోపుకుంటే ఒరిపిడి వల్లే అది అక్కడ నిలుస్తుంది. ఒరిపిడి, మడత మీద మడత పడ్డ పొరల తాకిడి, ఈ రెండే బట్ట లెక్కలో అన్నిటికంటే మొండివి. అందుకే తెర మీది చీరల్లో కుచ్చిళ్లను ముందే బిగించి, కట్టులా కనిపించే ఆకారాన్ని మలచడం సాధారణం. నిశ్చలంగా ఉన్నంతసేపు అది బాగానే ఉంటుంది, నడిపిస్తే బయటపడిపోతుంది.

మన నేతలు ఇంకా లోతైన చిక్కులు పెడతాయి. గద్వాల చీర ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒకే చీరలో రెండు బరువులు, రెండు బిరుసులు, రెండు మెరుపులు ఉంటాయి. మొత్తానికి ఒకే కొలత ఇస్తే అది గద్వాల చీర కాదు. నెమలికంఠం రంగు మరో ఉదాహరణ. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు కాబట్టి చూసే కోణాన్ని బట్టి ఆ చీర నీలంగానో ఆకుపచ్చగానో మెరుస్తుంది. బట్టకు ఒకే రంగు పూసే మామూలు పద్ధతిలో ఆ మెరుపు చచ్చిపోతుంది. దాన్ని పట్టాలంటే నూలు పోగుల స్థాయిలో వెలుగును లెక్కించాలి. జరీ పోగుకు లోహంలా తళుక్కుమనే గుణం వేరుగా ఇవ్వాలి. పోచంపల్లి ఇక్కత్‌లో రంగుల హద్దులు ఒకదానిలోకి ఒకటి చెదిరి కలుస్తాయి. నేతకు ముందే పోగులను కట్టి రంగులద్దడం వల్ల వచ్చే గుణమది. గీత గీసినట్టు చూపిస్తే అది అచ్చుబట్ట అయిపోతుంది.

నిజానికి నేతకూ కంప్యూటర్‌కూ చుట్టరికం పాతది. 1804 ప్రాంతంలో జోసెఫ్ మేరీ జకార్డ్ రూపొందించిన మగ్గం చిల్లుల అట్టలతో నడిచింది. తొలి కంప్యూటర్లకు ఆదేశాలిచ్చింది అదే పద్ధతి చిల్లుల కార్డులు. గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ రంగు నింపి అంచు డిజైన్ వేసే నేత కళాకారులు పనిలో పాటించిన తర్కం ఈనాటి తెర మీది చుక్కలదే. ఇప్పుడు నేత కేంద్రాల్లో ఆ గ్రాఫ్ కంప్యూటర్‌లోకి మారింది, అట్టలకు చిల్లులు పొడిచే పనీ యంత్రానిదైంది.

కుట్టులేని బట్టకు కంప్యూటర్ ఎంత సాయం చేయగలదో జపాన్‌లో ఇస్సే మియాకే బృందం చూపించింది. 2010లో వచ్చిన ‘132 5.’ దుస్తులకు మూలం కంప్యూటర్ శాస్త్రవేత్త జున్ మితాని రాసిన మడతల సాఫ్ట్‌వేర్. చదునుగా పరిస్తే అవి నక్షత్రంలాంటి మడతల బట్ట, ఎత్తి తొడుక్కుంటే గౌను. కుచ్చిళ్ల లెక్కతో కుస్తీ పట్టేవాళ్లు మళ్లీ మళ్లీ చూడదగిన పని ఇది.

ప్రకటనలోకి

ప్రకటనల్లో కంప్యూటర్ దేహం కనిపించి నాలుగు దశాబ్దాలైంది. 1985 జనవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ తుదిపోటీ ప్రసారంలో రాబర్ట్ ఏబెల్ సంస్థ తయారుచేసిన ‘బ్రిలియన్స్’ ప్రకటన వచ్చింది. డబ్బాల్లో నిల్వచేసిన ఆహారం గురించి మాట్లాడే వెండి రంగు రోబో యువతి అందులో కథానాయిక. నిజమైన అమ్మాయి కీళ్ల దగ్గర చుక్కలు పెట్టి, చాలా కోణాల్లో ఫొటోలు తీసి, ఆ కదలికలను బొమ్మకు ఎక్కించారు. దేహం కల్పితం, కదలిక మాత్రం ఒక మనిషిది. ఆమె పేరు ప్రకటనలో లేదు. ఇప్పటి డిజిటల్ మోడళ్ల గొడవ అంతా అప్పుడే అందులో దాగి ఉంది.

1998లో గ్యాప్ సంస్థ ఖాకీ ప్యాంట్ల ప్రకటనలో నాట్యం చేస్తున్నవాళ్లు గాలిలో ఆగిపోతారు, కెమెరా వాళ్ల చుట్టూ తిరుగుతుంది. వరసగా పేర్చిన కెమెరాల ఫొటోలను కంప్యూటర్‌తో అతికి సాధించిన దృశ్యమది. 2011లో డియోర్ జాడోర్ పరిమళం ప్రకటన కోసం దర్శకుడు జాన్ జాక్ అన్నో, వెర్సాయ్ అద్దాల మందిరంలో నడిచే చార్లీజ్ థెరాన్ పక్కన గ్రేస్ కెల్లీ, మార్లీన్ డీట్రిచ్, మార్లిన్ మన్రోలను మళ్లీ బతికించారు. చనిపోయిన తారల రూపం ఎవరి సొత్తు అన్న ప్రశ్నను ఆ ఒక్క నిమిషం మెరుపులో అందరూ మరిచిపోయారు.

ఇవి పెద్ద ఖర్చుతో చేసిన వినోదాలు. దుకాణాల రోజువారీ పని వేరు. ఒక చొక్కా పదిరంగుల్లో వస్తే పదిసార్లు ఫొటో తీయనక్కర్లేదు, డిజైన్ కోసం చేసిన మూడు కొలతల నమూనానే రంగు మార్చి వెబ్‌సైట్‌లో పెట్టొచ్చు. కొనేవాళ్లే బొమ్మకు తొడిగి చూసుకునే సదుపాయాన్ని లాండ్స్ ఎండ్ సంస్థ 1998లోనే ఇచ్చింది. 1999 నవంబరులో ఆర్భాటంగా తెరుచుకున్న బూ డాట్ కామ్ కూడా ‘మిస్ బూ’ అనే బొమ్మ సహాయకురాలిని నమ్ముకుంది. అప్పటి టెలిఫోన్ లైన్ల మీద ఆ పేజీలు తెరుచుకునేసరికి కొనేవాళ్ల ఓపిక అయిపోయేది. ఏడాది తిరక్కుండానే అది మూతపడింది.

2011లోనే మరో మలుపు. లోదుస్తుల పేజీలో ఒకే దేహం మీద వేర్వేరు అమ్మాయిల తలలు ఉన్నాయని జనం గమనించారు. ఆ దేహాలు కంప్యూటర్‌వేనని హెచ్ అండ్ ఎం సంస్థ ఒప్పుకుంది. దృష్టి దుస్తుల మీదే నిలవాలని అలా చేశామని చెప్పుకుంది. చర్మం రంగు మాత్రం ఆయా తలలకు తగినట్టు మార్చారు. మనిషిని బట్ట తగిలించే హ్యాంగరుగా చూడటం ఇంత బాహాటంగా అంతకు ముందు జరగలేదు.

లేని మనుషులు, లేని బట్టలు

లూయీ వీటన్ 2016 వసంతకాలపు ప్రకటనల్లో ‘ఫైనల్ ఫాంటసీ’ వీడియో గేమ్ నాయిక లైట్నింగ్ మోడల్‌గా వచ్చింది. అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన లిల్ మికేలా అనే కల్పిత యువతి ఇన్‌స్టాగ్రామ్‌లో నిజం అమ్మాయిలా కబుర్లు చెప్పి లక్షల మందిని పోగేసింది. 2017లో బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ కామెరాన్ జేమ్స్ విల్సన్ నల్లజాతి అందగత్తెగా షుడును సృష్టించారు. బాల్మేన్ సంస్థ 2018లో షుడుతో పాటు మార్గో, ఝి అనే మరో ఇద్దరు కల్పిత యువతులతో ప్రచారం నడిపింది. నల్లజాతి మోడళ్లకు అవకాశాలే తక్కువగా ఉన్న రంగంలో, ఒక తెల్లజాతి పురుషుడు నల్లని దేహాన్ని తయారుచేసి ఆ స్థానాన్ని నింపడం న్యాయమా అని విమర్శకులు గట్టిగా అడిగారు. ఆ ప్రశ్న నాకు సమంజసంగా కనిపిస్తుంది. మన దేశంలో కైరా అనే కల్పిత యువతి 2022లో ఇన్‌స్టాగ్రామ్‌లోకి వచ్చింది.

బట్టే లేని ఫ్యాషన్ కూడా కొన్నాళ్లు మెరిసింది. ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన ద ఫాబ్రికాంట్ సంస్థ తయారుచేసిన ‘ఇరిడెసెన్స్’ అనే గౌను 2019 మేలో న్యూయార్క్‌లో 9,500 డాలర్లకు అమ్ముడుపోయింది. అది కొన్నాయన భార్య ఫొటో మీద మాత్రమే ఉంటుంది. 2022 మార్చిలో డీసెంట్రలాండ్ అనే అంతర్జాల లోకంలో ఫ్యాషన్ వారం జరిపారు. ఆ జోరు ఎంత త్వరగా లేచిందో అంత త్వరగా తగ్గింది. 2023లో ఒక ప్రకటనలో జాక్‌మూస్ సంస్థ చేతిసంచులు పారిస్ వీధుల్లో బస్సుల్లా పరుగెత్తాయి, మరో ప్రకటనలో లండన్ రైలు తన కనురెప్పలకు మస్కారా పూసుకుంది. చూసినవాళ్లలో చాలామంది నిజమే అనుకున్నారు. రెండూ కంప్యూటర్ పనే.

ఈ వరసలో విడిగా నిలిచేది అనిఫా ఎమ్‌వుయెంబా పని. కాంగో మూలాలున్న ఈ అమెరికన్ డిజైనర్ 2020 మే 22న తన హనీఫా సంస్థ ‘పింక్ లేబుల్ కాంగో’ దుస్తులను ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లో చూపారు. చీకటి వేదిక మీద గౌనులు వాటంతటవే నడిచొచ్చాయి. లోపల మనిషి కనపడదు, కానీ నిండైన తుంటి, నడుము వంపు, అడుగు తీసి అడుగు వేసే ఊపు బట్టలోనే ఉన్నాయి. ప్రదర్శనకు ముందు కాంగో గనుల్లో శ్రమ దోపిడీ గురించి చిన్న చిత్రం వేశారు. ఆ గౌనులు కుట్టడానికి గీసినవి, తర్వాత అమ్మినవి. ఆ దృశ్యానికి అంత బలం వచ్చింది ఆ తెర వెనక నిజమైన ప్యాటర్న్, నిజమైన బట్ట ఉన్నందువల్లే.

కృత్రిమ మేధతో వచ్చిన తేడా

మాటల్లో అడిగితే ఫొటోలాంటి బొమ్మ ఇచ్చే కృత్రిమ మేధను చాలామంది సీజీఐకి కొనసాగింపు అనుకుంటారు. పనితీరు చూస్తే అది వేరే జాతి. పాత పద్ధతిలో త్రిభుజాల వల ఉంటుంది, ప్యాటర్న్ ఉంటుంది, బట్ట బరువు ఉంటుంది. కొత్త పద్ధతిలో అవేవీ ఉండవు. కోట్ల ఫొటోల నుంచి నేర్చుకున్న పోలిక మాత్రమే ఉంటుంది. ఆ బొమ్మలో గుండీకి కాజా లేకపోవచ్చు, కుట్టు సగంలో మాయం కావచ్చు. చూడ్డానికి అద్భుతంగా ఉండే ఆ గౌనును కటింగ్ మాస్టర్‌కు ఇస్తే ఎలా కుట్టాలో ఆయన మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోవాలి.

దేహాల వైవిధ్యం పెంచడానికి కృత్రిమ మోడళ్లను ప్రయత్నిస్తామని లీవైస్ సంస్థ 2023 మార్చిలో చెప్పినప్పుడు, వైవిధ్యం కావాలంటే అలాంటి మనుషులనే పనిలోకి తీసుకోవచ్చు కదా అన్న నిరసన వచ్చింది. హెచ్ అండ్ ఎం 2025లో 30 మంది మోడళ్ల డిజిటల్ ప్రతిరూపాలు చేయిస్తూ, వాటి హక్కులు మోడళ్లవేనని, కావాలంటే వేరే సంస్థలకూ ఇచ్చుకోవచ్చని చెప్పింది. అదే ఏడాది ఆగస్టు వోగ్ పత్రికలో గెస్ సంస్థ ప్రకటనలో కనిపించిన యువతి కృత్రిమ మేధ సృష్టి. ఆ సంగతి చిన్న అక్షరాల్లో వేశారు.

చట్టాలు

తొలి చట్టాలు వచ్చింది గ్రాఫిక్స్ మీద కాదు, నాజూకు దేహాల మోజు మీద. ఫొటోలో దేహాన్ని సన్నగా దిద్దితే ఆ మాట ప్రకటన మీదే రాయాలని ఇజ్రాయెల్ 2012లో చట్టం చేసింది. ఫ్రాన్స్‌లో 2017 అక్టోబరు నుంచి దిద్దిన ఫొటో అని ముద్రించకపోతే 37,500 యూరోల దాకా జరిమానా. నార్వే 2022లో ఇదే నియమాన్ని సోషల్ మీడియా ప్రచారకులకూ వర్తింపజేసింది. మన దేశపు ప్రకటనల ప్రమాణాల మండలి 2021 మార్గదర్శకాలు మరో మాట చేర్చాయి. కల్పిత ప్రచారకులు తాము మనుషులం కాదని వినియోగదారులకు స్పష్టంగా చెప్పాలి. మోడళ్ల శ్రమ వైపు నుంచి ఆలోచించింది న్యూయార్క్ రాష్ట్రం. 2025 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన అక్కడి ఫ్యాషన్ కార్మికుల చట్టం ప్రకారం, మోడల్ డిజిటల్ ప్రతిరూపాన్ని వాడాలంటే దేనికి, ఎంతకాలం, ఎంత సొమ్ముకు అన్నది రాసుకుని విడిగా అనుమతి తీసుకోవాలి.

నేతకారుల డిజైన్లకు ఇంత స్పష్టమైన రక్షణ లేదు. పోచంపల్లి ఇక్కత్ భౌగోళిక గుర్తింపు పొందిన తొలి చేనేతల్లో ఒకటి. అయినా దాన్ని స్కాన్ చేసి మిల్లు బట్ట మీద అచ్చువేసిన నకళ్లు బజారు నిండా ఉన్నాయి. భౌగోళిక గుర్తింపు ప్రధానంగా పేరును కాపాడుతుంది, పేరు చెప్పకుండా నమూనాను ఎత్తుకెళ్లేవాళ్లను పట్టుకోవడం కష్టం. ఆ నమూనాతో కృత్రిమ మేధ గీసిన చీరను ప్రకటనలో కల్పిత మోడల్ కట్టుకుంటే, నేసినవాళ్లు చిత్రంలోంచి పూర్తిగా తప్పుకున్నట్టే.

దీనికి విరుగుడు కొంతైనా ఈ విద్యలోనే ఉంది. మిల్లు బట్టల బరువు, వంపు, సాగు కొలిచి పెట్టిన గ్రంథాలయాలు ఫ్యాషన్ సాఫ్ట్‌వేర్లలో సిద్ధంగా ఉంటాయి. చేనేత మగ్గం మగ్గానికీ మారుతుంది కాబట్టి ఒక్క ముక్క కొలిస్తే సరిపోదు, అనేక మగ్గాల నుంచి సేకరించాలి. 1995 నుంచి హైదరాబాదులో నడుస్తున్న ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్, నేతకారుల సేవా కేంద్రాలు కలిసి గద్వాల, పోచంపల్లి, వెంకటగిరి, మంగళగిరి బట్టలకు ఈ కొలతలు తీసి, నేసినవారి పేరుతో సహా నమోదు చేయొచ్చు. పియర్స్ పరీక్షకు కావలసింది ఒక బల్ల అంచు, ఒక స్కేలు.